పేతురు పెట్టిన గుడ్లు

మొన్న పెద్దమ్మ జ్ఞాపకార్థ కూడికలో కొత్త పాస్టరు అయ్యగారు మాట్లాడుతూ, "ఆ తల్లి పెరడంతా ఫలభరితం" అన్నారు. పాపం, ఆయన మా సంఘానికొచ్చి ఇంకా ఒక వానాకాలం కూడా చూడలేదు. ఆవిడ కోళ్ళు పెంచేదని ఎవరో చెప్పి ఉంటారు. కోళ్ళున్న ఇంట్లో గుడ్లకు కొదవేముంటుందని ఆయన అనుకుని ఉంటారు.

ఆ మాట వినగానే ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో ఎలమంచిలి వదిన పైట చెంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకుని పక్కనున్నావిడ వీపు నిమిరింది. నేను పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మగవాళ్ళ వైపు నుంచి వంటల దానియేలు గట్టిగా దగ్గాడు. అది దగ్గు కాదని మా అందరికీ తెలుసు.

నవ్వినందుకు ప్రభువు మమ్మల్ని క్షమిస్తాడు. పెద్దమ్మ ఉండి ఉంటే క్షమించే శ్రమ కూడా పెట్టుకునేది కాదు, ముందు తనే నవ్వేది. ఆవిడ నవ్వు నోట్లోంచి కాక ముక్కులోంచి వచ్చేది, మరుగుతున్న గిన్నె మీద మూత ఎగిరినట్టు.

మా మందిరం గోపాలపట్నంలో, హైవే మీద లారీ హారన్లు కీర్తనల్లో కలిసిపోయేంత దగ్గర్లో ఉంటుంది. మందిరం ప్రహరీని ఆనుకుని పెద్దమ్మ ఇల్లు, ముందు రేకుల వసారా, వెనక పెరడు. చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. ఆ పెరటిని కూడా లేపుదామని వచ్చిన బిల్డర్లకు ఆవిడ "స్తోత్రం బాబూ" అని చెప్పి తలుపేసేది. ఆవిడ దగ్గర స్తోత్రాలు చాలా రకాలుండేవి. దేవుడికి చెప్పేది ఒకటి. సిటీ బస్సులో కాలు తొక్కినవాడికి చెప్పేది ఒకటి, అది వింటే వాడు తరవాతి స్టాపులో దిగిపోయేవాడు. సండే స్కూల్లో పిల్లాడు వాక్యం అప్పజెప్పలేక నీళ్ళు నములుతుంటే సాగదీసి అనేది ఇంకొకటి. ఆ సాగదీతలో బెత్తం దాగి ఉండేది.

సన్నగా, పొడుగ్గా ఉండేది. మెడ నిటారుగా పెట్టి, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు నడిచేది. ఆవిడ కోళ్ళూ అచ్చం అలాగే నడిచేవి. ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారో మాకు తేలలేదు.

మూడు పెట్టలు, ఒక పుంజు. ఎలమంచిలి అవతల ఏదో ఊళ్ళో, పందెం కోళ్ళు పెంచే చుట్టాల దగ్గర్నుంచి పిల్లలుగా ఉన్నప్పుడే తెచ్చుకుంది. పందేలంటే ఆవిడకు అసహ్యం. ఆ జాతి అంటే మాత్రం ప్రాణం. పొడుగు కాళ్ళు, కత్తిలాంటి మెడ, కలెక్టరు ఆఫీసులో పెద్ద గుమాస్తా చూసే చూపు. వీధిలో కోళ్ళు పేడకుప్ప మీద కొట్టుకుంటుంటే అవి దూరంగా నిలబడి చూసేవి. అన్నీ బాగానే ఉన్నాయి. గుడ్లు మాత్రం పెట్టేవి కావు.

అస్సలు పెట్టవని అంటే అబద్ధమవుతుంది. ఎప్పుడో, ఏడాదిలో ఏ చలికాలం చివరో, మనసు పుట్టినప్పుడు వరసగా నాలుగైదు పెట్టేవి. పెట్టిన వెంటనే ఇక జీవితంలో చేయాల్సిన పనంతా అయిపోయినట్టు పొదుగుకు కూర్చునేవి. గుడ్లు తీసేసినా లేచేవి కావు. ఖాళీ గంపలో వారాల తరబడి కూర్చుని, గడ్డిని పొదిగేవి. తర్వాత ఈకలు రాల్చేవి. ఈకలు మళ్ళీ మొలిచేసరికి వాటికి అలసట వచ్చేది.

పెట్టలకు ఆవిడ పెట్టిన పేర్లు శారా, రాహేలు, హన్నా. లేఖనాల్లో బిడ్డల కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఏడ్చిన తల్లుల పేర్లు. ఇలాంటి పేర్లు పెడితే అవి గుడ్లేం పెడతాయి పెద్దమ్మా అని అడిగాను ఒకసారి.

"ఆళ్ళకి ఆకర్న పుట్టినారు కాదేటే పిల్లా?" అంది. "దేవుడు ఆలీసం సేత్తాడు గాని మర్సిపోడు. నువ్వు సండే స్కూలు పిల్లగుంటలకి ఏటి సెప్తన్నావు మరి?"

పుంజు పేరు పేతురు. ఇది మాత్రం వేళాకోళంగానే పెట్టిందని నా అనుమానం. లేఖనాల్లో ప్రభువును నేనెరుగనని బొంకిన పేతురు, కోడి కూస్తే ఏడ్చాడు. మా వీధిలో పేతురు కూస్తే వీధంతా ఏడ్చేది.

ఆవిడ గురించి ఇంకొక సంగతి చెప్పాలి. మందిరం గుమ్మంలో నిలబడి కొత్తగా వచ్చినవాళ్ళ చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చే పని ఆవిడ తనంతట తనే పెట్టుకుంది. ఒక ఆదివారం స్టీల్‌ప్లాంట్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక కుర్ర జంట వచ్చింది. మా సంఘంలోనే ఒకావిడ, పేరు ఎందుకులెండి, ఆ అమ్మాయి పక్కన కూర్చుని మెల్లగా "ఎవరోళ్ళమ్మా మీరు?" అని అడిగింది. ఊరి గురించి కాదు ఆ ప్రశ్న. అందరికీ తెలుసు ఆ ప్రశ్న దేని గురించో. పెద్దమ్మ రెండు వరసల అవతల నుంచి విన్నది. లేచి వచ్చి ఆవిడ ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఆ మాట గుమ్మం అవతల ఒగ్గీసి రావాల. సెప్పులు ఒగ్గీసినట్టు."

ఆ తర్వాత మా మందిరంలో ఆ మాట ఎవరూ అడగలేదు, కనీసం పెద్దమ్మ వినేలా.

మనుషుల దగ్గర ఇంత పట్టుదల ఉన్నావిడ, కోళ్ళ దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా వేరే మనిషి. పక్కింటి నాటు పుంజు ఒకటి గోడెక్కి ఈ పెరట్లోకి చూసిందంటే చాలు, చీపురు పట్టుకుని గోడ పొడవునా పరిగెత్తేది. "నీదేటి, నీ రంగేటి, నా శారాని సూత్తన్నావా!" అని అరిచేది. ఆ పుంజు ముత్తాత దాకా తిట్టేది. ఈవిడే కదా మందిరంలో అలా అన్నదని మేము గోడ ఇవతల పొట్ట పట్టుకునేవాళ్ళం.

"మనుషులందరూ ఒక్కటే అంటావు కదా పెద్దమ్మా" అని వదిన కవ్వించింది.

"మనుషుల కోసం ఆయన సచ్చిపోనాడు. కోళ్ళ కోసం ఎవుడు సచ్చిపోనాడే?" అంది పెద్దమ్మ.  ఆ మాటే అయ్యగారిని అడిగితే ఆయన పాటల పుస్తకం తెరిచి కీర్తన వెతుక్కున్నారు. అప్పటి అయ్యగారు, ఇప్పటి ఈయన కంటే ముందున్నాయన.

ఇక దానియేలు. లేఖనాల్లో ఆ పేరుగలాయన రాజుగారు పెట్టిన మాంసం వద్దని కూరగాయలు తిని బతికాడు. మావాడికి ఆ పేరు ఏ ధైర్యంతో పెట్టారో తల్లిదండ్రులకే తెలియాలి. పోర్టులో పని, ఆదివారం మాత్రం మందిరం వెనక పొయ్యి దగ్గర ఉంటాడు. మా ప్రేమవిందులన్నీ అతని చేతిమీదే జరుగుతాయి. పెద్దమ్మ కోళ్ళ వైపు అతను చూసే చూపులో భక్తి ఉండేది. మందిరం కిటికీలోంచి ఆ పెరడు కనిపిస్తుంది. ప్రసంగం సాగుతుంటే అతని కళ్ళు అటే ఉండేవి.

మా సంఘంలో కోతకాల పండక్కి ఒక ఆనవాయితీ ఉంది. ఎవరింట్లో ఏది పండితే అది, ఎవరు ఏది పెంచితే అది, ప్రథమ ఫలంగా తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. అరటి గెలలు, మునగకాడలు, ఆనపకాయలు, వదిన వాళ్ళ పుట్టింటి నుంచి నువ్వులు. బజార్లో కొన్నది తేకూడదని రూలేం లేదు గాని, తెస్తే అందరూ ఒక చూపు చూస్తారు. కోళ్ళు పెంచే పెద్దమ్మ ఏటేటా తెచ్చేది కరివేపాకు.

ఒక ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అందరం గుమ్మం దగ్గర నిలబడి ఉండగా దానియేలు అందుకున్నాడు.

"పెద్దమ్మా, ఏటేటా కరేపాకు ఎట్టుకొత్తన్నావు. పులుసులోకి ఏసీటానికి రెడీగా దాసుంచుతన్నాను. కోడి ఎప్పుడు తెత్తావో సెప్తే పొయ్యెలిగిత్తాను."

మగాళ్ళందరూ నవ్వారు. ఎవరో వెనక నుంచి, "గుడ్డే ఇవ్వనిది కోడినిస్తాదేటి బావా?" అన్నారు. పెద్దమ్మ స్తోత్రం కూడా చెప్పకుండా కొంగు దోపుకుని ఇంటికి నడిచింది. అప్పుడే మాకు భయం వేసింది.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆవిడ లేచి నిలబడింది. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"దేవుని సన్నిధిలో సెప్తన్నాను. ఈ కోతకాల పండక్కి నా కోళ్ళు పెట్టిన గుడ్లు ఒక బుట్టడు తెత్తాను. తేనేకపోనానా, ఆ మూడు పెట్టల్నే తెచ్చి ఇక్కడెడతాను. తరవాత మీ ఇష్టం."

కూర్చుంది.  మగాళ్ళ వైపు నుంచి ఒక్క గొంతు, ఎంతో మనస్ఫూర్తిగా, "ఆమెన్" అంది. దానియేలు.

అయ్యగారు ఆ పూట ప్రసంగం పక్కన పెట్టి, ఆవేశంలో మొక్కుకున్న యెఫ్తా గురించి చెప్పారు. మొక్కు నోరు దాటాక మింగలేమని, ఆ మొక్కుకు అతను కన్నకూతుర్నే ఎలా పోగొట్టుకున్నాడో ఎంతో బాధగా వివరించారు. పెద్దమ్మ తలూపుతూ విన్నది. ఆవిడ అబద్ధమాడదు, మాట తప్పదు. పండగ నాటికి గుడ్లు రాకపోతే ఆ మూడు కోళ్ళూ దానియేలు డబరాలోకి వెళ్ళడం ఖాయమని ఊరందరికీ అర్థమైపోయింది. ఆవిడ తన మాట కోసం వాటిని తన చేతులతో తెచ్చి ఇస్తుంది, తర్వాత ఆ ఖాళీ పెరటిని చూస్తూ బతుకుతుంది. ఆ పెరడు ఖాళీ అయితే పెద్దమ్మ ఏమైపోతుందో అన్నదే మా బెంగ.

ఆ రోజు నుంచి మా సంఘం రెండుగా చీలిపోయింది. ఆడవాళ్ళం గుడ్ల కోసం ప్రార్థన చేశాం. మగాళ్ళు బాహాటంగా ఏమీ అనలేదు గాని, ప్రార్థనలో కళ్ళు మూసుకుని లాలాజలం మింగేవాళ్ళు.

పెద్దమ్మ చేయని ప్రయత్నం లేదు. ఫిషింగ్ హార్బరుకు బస్సులో వెళ్ళి ఎండుచేపల పొట్టు తెచ్చి మేతలో కలిపింది. ఆల్చిప్పలు ఏరుకొచ్చి రోట్లో దంచి పెట్టింది. రాగులు, మా వైపు చోళ్ళంటాం, నానబెట్టి మొలకలు కట్టి పెట్టింది. వెలుతురు ఎక్కువుంటే గుడ్లు పెడతాయని ఎవరో చెబితే గూట్లో బల్బు వేలాడదీసింది. దానివల్ల జరిగిందేమిటంటే పేతురుకు పగలేదో రాత్రేదో తెలియక ఏ వేళంటే ఆ వేళ కూయడం మొదలుపెట్టాడు. అపార్టుమెంట్ల వాళ్ళు బాల్కనీల్లోకొచ్చి పెద్దమ్మను పేరుపెట్టి పిలిచారు. ఆవిడ బల్బు తీసేసింది.

పశువుల డాక్టరు దగ్గరికి నన్నే తోడు తీసుకెళ్ళింది. ఆటోలో హన్నాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డాక్టరు కుర్రాడు, మంచివాడు. కోడి పొట్ట కింద చెయ్యి పెట్టి చూసి, దాని నోరు తెరిపించి చూసి, "జబ్బేం లేదమ్మా. ఈ జాతే అంత" అన్నాడు.

"అంతంటే?"

"బలానికి, అందానికి, పిల్లల్ని సాకడానికి పుట్టిన జాతి. గుడ్లు దీని రక్తంలోనే తక్కువ. పైగా ఊరికే పొదుగుకొచ్చేస్తాయి. పొదుగులో ఉన్నంత కాలం గుడ్డు పెట్టవు. గుడ్లే కావాలంటే వేరే రకం పుంజును కలపండి. దాని పిల్లలు బాగా పెడతాయి."

పెద్దమ్మ హన్నా చెవులున్నాయనుకున్న చోట చేత్తో మూసింది.

"దీని ముందు ఆ మాటలేటి బాబూ? ఇంట్లో నా పేతురు బతికున్నాడు."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో హన్నా మెడ మీద వేలితో రాస్తూనే ఉంది. దిగేటప్పుడు మాత్రం, "మేపినానే గాని, ఏ రోజూ కత్తెట్టనేదే దీని మీద" అంది.  అప్పుడే నేను ఒక నిర్ణయానికి వచ్చాను.

దానికి ముందు ఆదివారమే అయ్యగారు గుప్త దానం గురించి చెప్పారు. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి కూడా తెలియకూడదన్నారు. ఎంత బాగా చెప్పారంటే, ఆ ప్రసంగం మా ఆడవాళ్ళ మీద అంత పనిచేస్తుందని ఆయన కూడా ఊహించి ఉండరు.

పండక్కి మూడు వారాల ముందు శుక్రవారం, స్త్రీల ఉపవాస ప్రార్థన. మందిరం పక్క తలుపు తీస్తే ప్రహరీకి చిన్న గేటు, గేటు దాటితే పెద్దమ్మ పెరడు. నేను ఫారం గుడ్లు మూడు తెచ్చి, నాటు రంగు రావాలని చల్లారిన టీ డికాషన్‌లో నానబెట్టి, ఆరబెట్టి, బైబిలు సంచిలో గుడ్డ చుట్టి పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఇంటాయనకు కూడా చెప్పలేదు. ఆ రోజు ఆడవాళ్ళందరూ బైబిలు సంచులు కింద పెట్టకుండా ఒళ్ళో జాగ్రత్తగా పట్టుకున్నారని చూశాను గాని, ఎందుకో ఆలోచించలేదు.

పెద్దమ్మను ప్రార్థన చేయమన్నారు. ఆవిడ ప్రార్థన మా సంఘంలో పేరు మోసింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ముడతలన్నీ ఒకచోటికి లాక్కుని మొదలుపెట్టేది. ముందు పోర్టులో ఓడలు, వాటిలో ఇంటికి దూరంగా ఉన్న నావికులు. తర్వాత స్టీల్‌ప్లాంట్ కొలుముల దగ్గర చెమటోడ్చే బిడ్డలు. అక్కణ్ణుంచి వేటకెళ్ళిన పడవలు, కేజీహెచ్ ఆసుపత్రిలో మంచాల మీదున్నవాళ్ళు, పరీక్షలు రాసే పిల్లలు, యుద్ధాలు జరిగే దేశాలు. ఆవిడ ప్రపంచం చుట్టి గోపాలపట్నం తిరిగొచ్చేసరికి బియ్యం నానబెడితే పిండి రుబ్బుకోవచ్చు. మేమందరం కళ్ళు మూసుకున్నాం. ఆవిడ పడవల దాకా రాగానే నేను కళ్ళు తెరవకుండానే లేచి, తడుముకుంటూ పక్క తలుపు దాకా వెళ్ళాను. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదు కదా.

పెరట్లో పెట్టలు మూడూ గంపల్లో కూర్చుని ఉన్నాయి, ఖాళీ గడ్డిని పొదుగుతూ. కంగారులో చూసుకోకుండా శారా కింద చెయ్యి దూర్చి నా గుడ్లు పెట్టేశాను. ముక్కుతో ఒక్కటి పొడిచింది. లోపల అప్పటికే ఏదో నున్నగా తగిలినట్టుంది గాని, శారా పొట్టేమో అనుకున్నాను. తిరిగొచ్చి కూర్చునేసరికి పెద్దమ్మ యుద్ధాల దగ్గరుంది. అటూ ఇటూ ఎవరివో చీరలు గరగరలాడాయి. ఎవరో సర్దుకుని కూర్చుంటున్నారనుకున్నాను.

చివర్న తన కోళ్ళను పేరుపేరునా దేవుడికి అప్పజెప్పి, ఆమెన్ అని, పెద్దమ్మ కళ్ళు తెరిచింది. మేమందరం ఎవరి చోట్లో వాళ్ళం ఉన్నాం, పెదాల మీద భక్తితో. ఉపవాసం విరమించడానికి పెరట్లో టీ పెడతానని ఆవిడ ముందు నడిచింది. మేం వెనకాల. ప్రతివాళ్ళమూ, గుడ్డు చూసి ఆశ్చర్యపోవడానికి ముఖం సిద్ధం చేసుకుంటున్నాం.

పెద్దమ్మ శారాను ఎత్తింది. కింద గుడ్ల కుప్ప. రాహేలును ఎత్తింది. కుప్ప. హన్నా కింద చోటు చాలక రెండు గుడ్లు గంప బయటికి దొర్లి ఉన్నాయి. తెల్లటి ఫారం గుడ్లు, గోధుమ రంగు నాటు గుడ్లు, టీ రంగు గుడ్లు. ఒకటి ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినది, ఒళ్ళంతా చెమట పట్టి ఉంది. మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. అప్పటిదాకా లోకంలో నా కుడిచెయ్యి ఒక్కటే దానం చేసిందని ప్రతి ఒక్కరమూ అనుకున్నాం.

అప్పుడు పెద్దమ్మ చూపు మూలకి వెళ్ళింది. అక్కడ తాడుతో కట్టేసి ఉన్న పేతురు. ఒక కాలు పైకెత్తి, రెండు తెల్లటి గుడ్ల మధ్య నిలబడి, ఈ గుడ్లను నేనెరుగను అన్నట్టు ముఖం తిప్పుకుని ఉన్నాడు.



"హన్నా పెట్టిందంటే నమ్ముతాను" అంది పెద్దమ్మ. "శారా పెట్టిందంటే స్తోత్రం అంటాను." మా వైపు తిరిగింది. "పేతురు పెట్టినాడేటే?"

అయ్యగారి భార్య ముఖం ఎర్రగా అయిపోయింది. ఆవిడ చిన్నప్పట్నుంచీ అపార్టుమెంటులోనే పెరిగినావిడ. "అది... పెద్ద కోడి కదా అని..." అంది మెల్లగా. అంతే. పెద్దమ్మ ముక్కులోంచి మూత ఎగిరింది. ఆ తర్వాత మేమెవ్వరం నిలబడలేకపోయాం. వదిన కరివేపాకు చెట్టు పట్టుకుని నవ్వింది. నేను గట్టు మీద కూలబడ్డాను. ఉపవాసం ఉన్న కడుపులు నొప్పి పుట్టాయి.

నవ్వు తగ్గాక పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. నా గుడ్డు ఒకటి తీసి, బొటనవేలు తడి చేసుకుని రుద్దింది. రంగు ఊడి వచ్చింది. నా వైపు చూసింది.

"పిల్లా, టీలో పంచదార ఎక్కువేసినావు. జిగురుగా ఉంది."

ఫారం గుడ్లన్నీ ఏరి, ఉడకబెట్టి, ఉప్పూ మిరియాలూ జల్లి మా చేతుల్లో పెట్టింది. "మీ దానం మీరే తినండి. ఇయ్యి నా కోళ్ళు పెట్టినాయని దేవుడి ముందు పెడితే, దేవుడికి అబద్ధమాడి పడి సచ్చిపోయిన అననీయ పక్కన నన్ను కూడా పూడ్సాల." మేము తిన్నాం. నిజం చెప్పాలంటే ఆకలి మీద బాగున్నాయి.

గోధుమ రంగు గుడ్లు మాత్రం వదినవి. పుట్టింటి పెరట్లో తిరిగే నాటుకోళ్ళవి, టిఫిను డబ్బాలో పొట్టు పోసి తెచ్చింది. న్యాయంగా మూడు గంపల్లోనూ సర్దింది. వాటిని తీద్దామని పెద్దమ్మ చెయ్యి పెట్టిందో లేదో హన్నా రక్తం వచ్చేలా పొడిచింది. శారా రెక్కలు విప్పి మీదికొచ్చింది. రాహేలైతే గుడ్ల మీద ఇంకా వెడల్పుగా పరుచుకుంది. పెద్దమ్మ చేతిని నోట్లో పెట్టుకుని వాటిని కాసేపు చూసింది.

"పెట్టడం రాదు గాని, ఎంత పట్టుదలే" అంది. గుడ్లు అక్కడే వదిలేసింది. "అయినా మొక్కు మొక్కే. గుడ్లు నేవు. పండక్కి పెట్టల్ని తెత్తాను."

ఆ చివరి వారమంతా పెరటి గేటుకు తాళం. ఎవరినీ రానివ్వలేదు. దుఃఖంలో ఉందని మేమూ వెళ్ళలేదు. దానియేలు మాత్రం అల్లం వెల్లుల్లి కొన్నాడు. పెద్ద డబరా అద్దెకు తెచ్చి, మందిరం వెనక బోర్లించి, దాని మీద కూర్చుని బీడీ కాల్చుకోబోయి, మందిరమని గుర్తొచ్చి ఆర్పేశాడు.

పండగ ఆదివారం బలిపీఠం ముందు అరటి గెలలు, ఆనపకాయలు, మునగకాడలు పేర్చి ఉన్నాయి. వెనక నుంచి ఉడుకుతున్న మసాలా వాసన ప్రసంగంలోకి వస్తోంది. కానుకల సమయంలో పెద్దమ్మ లేచింది. చంకలో పెద్ద గంప, మీద తెల్లటి దుప్పటి. తల నిటారుగా పెట్టి, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ నడిచింది. వదిన కళ్ళు తుడుచుకుంటోంది, ఈసారి నిజంగానే. దానియేలు కూడా తల వంచుకున్నాడు. కావలసింది చేతికి అందే వేళకు అతనికీ మనసు ఒప్పినట్టు లేదు.

పెద్దమ్మ గంప దించి దుప్పటి తీసింది.

శారా, రాహేలు, హన్నా రెక్కలు విప్పి కూర్చుని ఉన్నాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత హన్నా రెక్క కిందనుంచి పసుప్పచ్చటి తల ఒకటి బయటికి వచ్చింది. దాని పక్కన నల్లటిది. శారా మెడ కిందనుంచి చారలది ఒకటి. చూస్తుండగానే గంపంతా కిచకిచలతో నిండిపోయింది. ఒక పిల్ల గంప దూకి ఆనపకాయల మధ్యకు పరిగెత్తింది. సండే స్కూలు పిల్లలు వరసలు తెంచుకుని వచ్చేశారు.

"అయ్యగారూ" అంది పెద్దమ్మ ఎంతో వినయంగా, "నాకు సదువు తక్కువ. తల్లినీ పిల్లల్నీ ఒక్కపాలి పట్టుకోకూడదని ధర్మశాస్త్రంలో ఎక్కడో ఉంది కాదండీ?"

ఆవిడకు ఆ వచనం అధ్యాయంతో సహా కంఠతా వచ్చు. అయ్యగారికీ ఆ సంగతి తెలుసు. ఆయన పేజీలు తిప్పడానికి చాలా సమయం తీసుకున్నారు, నవ్వు ఆపుకోవడానికి.

"ఉందమ్మా" అన్నారు. "తల్లిని విడిచిపెట్టాలి."

"అయితే పెట్టల్ని దేవుడికి ఇచ్చీసినాను. ఆయన విడిచిపెట్టమంటన్నాడు. నానేటి సేత్తాను, ఆయన మాట కాదననేను గదా." గంప మీద దుప్పటి కప్పేసింది. మగాళ్ళ వైపు నుంచి ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఆ రోజు ప్రేమవిందులో దానియేలు మసాలా అంతా ఆనపకాయలో వేశాడు.

భోజనాల దగ్గర అతను పెద్దమ్మ గంప ముందుకొచ్చి గొంతుకూర్చున్నాడు. నల్లవి, పచ్చవి, చారలవి, ఒకటి కాళ్ళ మీద కూడా ఈకలున్నది. తల్లులేమో రాజులు పెంచినట్టున్నాయి.

"బాగున్నాయి గాని పెద్దమ్మా," అన్నాడు కొంటెగా, "ఇయ్యి ఎవరోళ్ళు?"

పెద్దమ్మ అన్నం ముద్ద విస్తట్లో పెట్టి, అతని కాళ్ళ వైపు చూసింది, చెప్పులున్నాయా లేవా అని చూసినట్టు.

"ఆ మాట గుమ్మం అవతల ఒగ్గీసి రావాల" అంది.

ఆ పిల్లలు పెద్దవయ్యాయి. గుడ్లు బాగా పెట్టేవి. ఆవిడ వాటిని సంఘంలో ఇంటికొకటి పంచేసింది. పక్కింటి పుంజు గోడెక్కితే చీపురు మాత్రం పట్టుకునేది, కానీ పరిగెత్తేది కాదు. పోయిన నెల ఒక పొద్దున, ప్రార్థన చేసుకుని పడుకున్నావిడ లేవలేదు. ఏ దేశం దాకా వెళ్ళిందో.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక నేను పెరట్లోకి వెళ్ళి చూశాను. గంపలు లేవు. మిగిలిన ఒక్క ముసలి హన్నాను దానియేలు తన ఇంటికి తీసుకెళ్ళాడని చెప్పారు. భయం వేసి అతని దగ్గరికి వెళ్ళాను. పొయ్యి దగ్గర విస్తళ్ళు సర్దుతున్నాడు.

"ఉందా అన్నయ్యా?"

"ఉండకేటమ్మా. చోళ్ళు నానెట్టి పెడతన్నాను."

"గుడ్డు పెడుతోందా మరి?"

అతను విస్తళ్ళు పక్కన పెట్టి, మెడ నిటారుగా చేసి, నన్ను కింద నుంచి పై దాకా చూశాడు.

"గుడ్డేటమ్మా గుడ్డు! అది జాతి కోడి" అన్నాడు.